ఏ గ్రేడు నుంచి సీ గ్రేడుకు, వయా నౌపడ

చీపురుపల్లి నుంచి పాతపట్నం వెళ్ళదలచిన వారికి గునుపూర్ పాసింజరు మంచి బండి. ముందు పెట్టెల్లో ఎక్కండి. వెనక పెట్టెలు కొన్ని స్టేషన్లలో ప్లాట్‌ఫారం దాటి ముళ్ళకంపల్లో ఆగుతాయి. నేను వెళ్ళిననాడు టికెట్టు ఇరవై అయిదు రూపాయలు. పొద్దున్న ఎనిమిదికి రావలసిన బండి ఎనిమిదీ నలభైకి వచ్చింది. ఆ నలభై నిమిషాల్లో నేను మూడు టీలు తాగాను. నాలుగుసార్లు ఇంటికి తిరిగి వెళ్ళిపోదామనుకున్నాను. బండి దారిలోనే పట్టాలు తప్పితే బాగుండునని కూడా ఒకసారి కోరుకున్నాను. ఎవరికీ దెబ్బ తగలకుండా, మెత్తగా, ఒక్క ఇంజనే తప్పాలి. యాత్రకు బయల్దేరిన మనిషి కోరుకోవలసిన కోరిక కాదది. కానీ నా యాత్ర ఎలాంటిదో చెబితే మీరూ అదే కోరుకుంటారు.

నేను ప్రాథమిక పాఠశాల హెడ్మాస్టరుని. మా బడి చీపురుపల్లికి ఆటోలో ఇరవై నిమిషాల దూరం. పిల్లలు ముప్పై నాలుగు మంది. మాస్టర్లం ఇద్దరం. బడులకు గ్రేడులిచ్చే రోజులవి. ప్రతి నెలా ఒక ఫారం నింపి పంపాలి. ధారాళంగా చదవగలిగే పిల్లలు నూటికి ఎంతమంది అన్నది ఒక గడి. పోయిన నెల కంటే ఎంత మెరుగుపడ్డారు అన్నది దాని పక్క గడి. ఆ రెండో గడిలో సున్నా వేస్తే ఆఫీసు నుంచి ఫోనొస్తుంది. తగ్గిందని వేస్తే ఫోను రాదు, మనిషే వస్తాడు.

జులైలో నేను అరవై అని వేశాను. ఏ లెక్కన వేశానని అడక్కండి. ఆ రోజు వాన పడుతోంది, కిటికీలోంచి బయటికి చూశాను, అరవై అనిపించింది. ఆ తర్వాత నెలకు ఆరు చొప్పున పెంచుకుంటూ పోయాను. నవంబరులో మాకు ఏ గ్రేడు వచ్చింది. మండలం మీటింగులో నన్ను నిలబెట్టి చప్పట్లు కొట్టించారు; ఆ చప్పట్లు పక్క మండలందాకా వినిపించాయని ఇప్పటికీ చెప్పుకుంటుంటాను. జనవరికి తొంభై ఆరు. ఫిబ్రవరి ఫారం ముందేసుకుని కూర్చుంటే నా పద్ధతి ప్రకారం వంద మంది పిల్లల్లో నూట రెండు మంది చదవాలి. ఆ రోజు తొలిసారి చెమట పట్టింది.

సరిగ్గా అప్పుడే ఉత్తర్వు వచ్చింది. పై ఆఫీసులో ఎవరికో ఒక ఆలోచన పుట్టింది. గ్రేడు పెరుగుతున్న బడినీ, గ్రేడు పడిపోతున్న బడినీ జంట కట్టాలి. పక్క జిల్లా అయినా సరే. ఏ గ్రేడు మాస్టారు వెళ్ళి సీ గ్రేడు బడిని చూసి సలహాలు చెప్పాలి. అంతవరకూ బాగానే ఉంది. ఉత్తర్వు రెండో పేజీలో ఇంకో వాక్యముంది. మర్నాడు సీ గ్రేడు టీచరు వచ్చి ఏ గ్రేడు బడిలో ప్రతి పిల్లవాణ్ణీ స్వయంగా చదివించి చూసి, ఆ పద్ధతి నేర్చుకుని, చూసిందంతా రాసి పంపాలి.

నా పద్ధతి అంటే ఏమిటో మీకు చెప్పాను కదా.

ఆ వాక్యం చదివిన దగ్గర్నుంచి నాకు అన్నం సయించలేదు. నిద్రలో కూడా ఆరో ఎక్కం అప్పజెప్పానని మా ఆవిడ అంటుంది. బయల్దేరేముందు పులిహోర పొట్లం చేతికిస్తూ, "ఏటలా వణుకుతన్నారు? మీరు తనికీ సెయ్యడానికి ఎల్తన్నారా, పరీచ్చ రాయడానికా?" అంది. రెండూ ఒకటేనని చెప్పకుండా పొట్లం సంచిలో పెట్టుకున్నాను.

రైలు పెట్టెలో నా ఎదుట ఒక ముసలాయన, ఆయన భార్య కూర్చున్నారు. పర్లాకిమిడిలో కంటి డాక్టరు దగ్గరకు వెళ్తున్నారు. కన్ను కనిపించని మనిషే అయినా నా జేబులో ఎర్ర పెన్ను, నీలం పెన్ను, ఒళ్ళో ఫైలు ఆయనకు బాగానే కనిపించాయి.

"బదిలీయా మాస్టారూ?" అన్నాడు.

కాదన్నాను.

"మరైతే సస్పెన్సా?"

అదీ కాదన్నాను.

"రెండూ కాపోతే ఆ మొకమేటి మరి?" అంది ఆయన భార్య, ఉడికించిన శనగలు నా దోసిట్లో పోస్తూ.

ఒక బడిని తనిఖీ చెయ్యడానికి వెళ్తున్నానని చెప్పాను. ముసలాయన కాసేపు నన్ను కింద నుంచి పైదాకా చూశాడు. "తనికీ సేసేవోడే ఇలగుంటే, సేయించుకునే ఆ బాబు ఎలగున్నాడో పాపం" అని భార్యతో అన్నాడు. శనగలు బాగున్నాయి.

బండి తొమ్మిదిన్నరకు శ్రీకాకుళం రోడ్డు చేరింది. ఆ తర్వాత తిలారు. పదీ నలభైకి నౌపడ. అక్కడ ముప్పై అయిదు నిమిషాలు ఆగింది. మెయిన్ లైను మీద వెళ్ళే ప్రతి బండికీ దారిచ్చి, గూడ్సుకు కూడా దారిచ్చి, చివరికి పట్టాల మీద నడిచి వెళ్తున్న మేకల మందక్కూడా దారిచ్చి అప్పుడు కదిలింది. నౌపడలో దిగి కాళ్ళు చాచుకోవచ్చు. ఉప్పు మడుల మీంచి వచ్చే గాలి పెదాలకు తగులుతుంది. వడలు వేడిగా ఉంటాయి, రెండేసి పది రూపాయలు. ఇక్కడ బండి మెయిన్ లైను వదిలేసి కొండల వైపు తిరుగుతుంది. నాకు మాత్రం నన్ను మనుషుల్లోంచి విడదీసి ఎటో తీసుకుపోతున్నట్టనిపించింది. టెక్కలి, టెంబూరు దాటి పాతపట్నం చేరేసరికి పన్నెండూ పది.

బడి ఉన్న ఊరు అక్కడికి ఎనిమిది కిలోమీటర్లు. షేర్ ఆటో ఇరవై రూపాయలు. ఆరుగురు పట్టే ఆటోలో పదకొండు మందిమి, రెండు బస్తాల తౌడు, ఒక మేకపిల్ల. నేను డ్రైవరు పక్కన సగం సీటు మీద, సగం గాలిలో కూర్చున్నాను. కొండ దగ్గరవుతుంటే డ్రైవరు కబుర్లు మొదలెట్టాడు. ఆ మధ్య ఒడిశా వైపు నుంచి ఏనుగులు దిగాయట. అరటితోటలో పడి మొత్తం తొక్కేశాయట. ఇప్పుడెక్కడున్నాయని అడిగాను. "ఎవడికి తెలుసండి. ఎక్కడుంటే అక్కడే ఉంతాయి" అన్నాడు. ఆ తర్వాత దారి పొడుగునా నల్లగా కనిపించిన ప్రతి బండరాయికీ నేను తొండం అతికించి చూశాను. ఇరవై మూడు ఏనుగులు లెక్కకొచ్చాయి. అయినా నిజం చెప్పాలంటే ఒక ఏనుగు అడ్డంగా వచ్చి రోడ్డు మీద పడుకుంటే ఆనాడు నాకంటే సంతోషించేవాడు ఉండడు. ఏనుగు దారి మూసేసిందని ఫారంలో రాసి వెనక్కి రావచ్చు. ఏ ఏనుగూ రాలేదు.

బడి చిన్నది. రెండు గదులు, ముందు వసారా. వసారాలో ఒక మూల నుంచి ఇంకో మూలకు దండెం కట్టి ఉంది. దాని మీద బట్టలు లేవు. పాత క్యాలెండరు కాగితాలు చీటీలుగా కోసి, తుమ్మముళ్ళతో గుచ్చి వేలాడదీశారు. ఉప్పు చేపలు ఆరబెట్టినట్టుంది. పిల్లలు వరుసగా కూర్చుని అన్నం తింటున్నారు. వాళ్ళ మధ్యలోంచి పొట్టిగా, యాభై దాటిన ఒకావిడ లేచి వచ్చింది. నీలం చీర, చేతికి గడియారం. ఆవిడే ఎస్తేరమ్మగారు, ఆ బడికి ఉన్న ఒకే ఒక్క టీచరు. వాళ్ళ నాన్నగారు ఆ ప్రాంతంలోనే మిషన్ బడిలో పంతులుగా చేసి పోయారట. ఆవిణ్ణి చూసి భయపడడానికి పైకి ఒక్క కారణం కూడా లేదు. నేను భయపడ్డాను.

"ఎండన పడొచ్చేరు, ముందు తినండి మాస్టారూ" అని పిల్లల వరుసలోనే నాకూ కంచం పెట్టించింది. అన్నం, సాంబారు, గుడ్డు. నా పులిహోర విప్పితే పిల్లలు దాన్ని అంతరిక్షం నుంచి తెచ్చినట్టు చూశారు. తలా ఒక ముద్ద పెట్టాను. ఇరవై మూడు మంది పిల్లలు, ఇరవై మూడు ముద్దలు. మా ఆవిడ చేతి కొలత అలాంటిది.

తింటూ దండెం మీద చీటీలు చదివాను. "నాకు అప్పు తీసుకుని చేసే తీసివేత రాదు. దాలినాయుడు." "నాకు ఒత్తులున్న మాటలు ఆగకుండా చదవడం రాదు. జమున." ఒకటో తరగతి పిల్ల ఎవరో రాయడం రాక గడియారం బొమ్మ గీసింది, గడియారం చూడడం రాదని అర్థం. ప్రతి చీటీ కింద ఎప్పటికి నేర్చుకుంటారో తేదీ వేసి ఉంది. వంట చేసే ఆవిడ చీటీ కూడా ఉండేదట, సంతకం రాదని. పోయిన నెలే నేర్చుకుని తీసేసిందట. గిన్నె పక్కన పెట్టి మరీ నాకు నేల మీద బొగ్గుతో సంతకం చేసి చూపించింది.

నేను నవ్వుతూ చూస్తుండగా దాలినాయుడనే కుర్రాడు ఒక చీటీ, పెన్సిలు తెచ్చి నా ముందు పెట్టాడు. బడికి వచ్చినవాళ్ళెవరైనా సరే తమకు రానిదేదో రాసి దండెం మీద పెట్టి వెళ్ళాలట. అదక్కడి ఆచారం.

"మీకేటి రాదండి?" అన్నాడు.

ముప్పై ఏళ్ళ సర్వీసులో నన్నెవరూ అడగని ప్రశ్న. పిల్లలందరూ తినడం ఆపి చూస్తున్నారు. నేను "ఈత రాదు" అని రాసిచ్చాను. వాడు గట్టిగా చదివాడు. నవ్వులు వస్తాయనుకున్నాను, రాలేదు.

"ఈత కాదండి, బడి పని రాయాలి. కిందటేడు వచ్చిన ఆపీసరుగారు కూడా బడి పనే రాసేరు."

జమున అందుకుంది. "మాస్టారుకి అన్నీ వచ్చీసుంటాయిరా. ఏ గ్రేడు కదా."

వెక్కిరింపు కాదు. ఆ పిల్ల నిజంగానే అంది. సాంబారులో వేసిన మిరపకాయ కూడా అలా తగలదు. తర్వాత రాస్తానని చెప్పి చీటీ జేబులో పెట్టుకున్నాను. ఎస్తేరమ్మగారు విన్నట్టు కనిపించలేదు. కనిపించలేదంతే.

ఒకటిన్నర నుంచి తనిఖీ. పులిహోర చుట్టిన పేపరు ముక్కే ఇచ్చి జమునను చదవమన్నాను. నాలుగో తరగతి పిల్ల. నూనె మరకల మధ్య నుంచి ఆ పిల్ల జీడిపప్పు ధర, మార్కెట్ యార్డు వార్త చదువుకుంటూ పోయింది. ఒక మాట దగ్గర తట్టుకుంది. ఆగింది. నేను అందించబోతే వద్దని చెయ్యూపి, ఆ మాటను ఒక చీటీ మీద చూసి రాసుకుని దండెం దగ్గరకు వెళ్ళి గుచ్చి వచ్చి, మళ్ళీ మొదలుపెట్టింది. తర్వాత ఇంకొకడు ఎరువు బస్తా మీద అచ్చు చదివాడు. ఇంకొకత్తె తలనొప్పి మాత్రల అట్ట చదివింది, గడువు తేదీతో సహా. మామూలుగా పిల్లలు బాగా చదివితే మాస్టారు గుండె పొంగుతుంది. నాకు ఒక్కొక్కరు చదువుతున్న కొద్దీ గుండె ఒక్కో మెట్టు కిందికి దిగింది. మూడున్నరకు అది నా చెప్పుల్లో ఉంది. ఇలాంటి పిల్లలను రోజూ వినే మనిషి రేపు మా బడిలో కూర్చుని మా పిల్లలను వింటుంది.

పిల్లలు వెళ్ళాక ఆవిణ్ణి అడిగాను, ఇంత బాగా చదువుతుంటే నెలనెలా మీ అంకె ఎందుకు పడిపోతోందని.

"సదివేసిన పేజీ మల్లీ సదివిస్తే మనకేటి తెలుస్తాదండి? పుస్తకం వచ్చీసినాక పేపరు పెట్టేను. పేపరు వచ్చినాక బస్తా. ప్రెతి నెలా ఇంకొంచెం కస్టమైంది ఏస్తాను. ఏసిన నెల పడిపోతారు కదా. పడిపోయేరనే రాస్తాను."

ఆఫీసు నుంచి మనిషి రాడా అన్నాను.

"వస్తారు. పడిపోయేరా అని అడుగుతారు. పడిపోయేరండి అంటాను. ఏటి సేస్తారు మరి?"

ఎంత తేలిగ్గా అన్నదంటే, ఏడు నెలలుగా నా గుండె మీద కూర్చున్న ఆ గడి, ఆవిడకు కాగితం మీద నాలుగు గీతలు మాత్రమేనని అర్థమైంది. నేను ఆవిడ ఫారంలో ఏ గ్రేడు అని రాయబోతే చెయ్యి అడ్డుపెట్టింది. ఈ నెల పేజీ తొమ్మిది మందికే వచ్చింది, తొమ్మిదనే రాయమంది. రాశాను. అప్పుడు సంచిలోంచి ఇంకో కాగితం తీసింది. మా బడి ఫారాలు. జంట బడి కదా, ఆఫీసువాళ్ళు ఆవిడకు కూడా ఒక కాపీ ఇచ్చారు.

"మీది కూడా సూసేను మాస్టారూ. నెలకి ఆరు, నెలకి ఆరు. ఒక్క నెల ఐదు నేదు, ఒక్క నెల ఏడు నేదు. పిల్లలు అంత వరసగా పెరుగుతారేటండి? మావోళ్ళు జ్వరమొస్తే రెండు, సంతైతే మూడు పడిపోతారు." ఫారం నా వైపు తిప్పి, "ముప్పై నాలుగు మందిలో నూటికి తొంభై ఆరంటే ముప్పై రెండున్నర దాటుతాది. ఆ అర పిల్లెవరో రేపు సూపించండి" అంది.

నవ్వుతూ అని ఉంటే నేనూ నవ్వి గట్టెక్కేవాణ్ణి. నవ్వలేదు. జిల్లా, రాష్ట్రం, ఇంకా పైవాళ్ళు, అన్ని కళ్ళూ దాటి వెళ్ళిన ఆ సగం పిల్లను ఈవిడొక్కతే చూసింది.

పాతపట్నంలో లాడ్జి మూడు వందలు. గది శుభ్రంగానే ఉంది. దోమలు మాత్రం పిచ్చుకలంత ఉన్నాయి. అవి లేకపోయినా నాకు నిద్ర పట్టేది కాదు కాబట్టి వాటి మీద ఫిర్యాదు లేదు.

శుక్రవారం పొద్దున్న ఆరు గంటల బస్సు ఎక్కాం. ఆవిడ బడికి ఆ రోజుకు పక్క ఊరి మాస్టారు వచ్చారు. శ్రీకాకుళంలో దిగి ఇడ్లీ తిన్నాం, ప్లేటు ఇరవై. నేను రెండు ఇడ్లీలను నలభై ముక్కలు చేశాను. అక్కడి నుంచి ఆటోలో ఆమదాలవలస. శ్రీకాకుళం రోడ్డు స్టేషను అక్కడే ఉంది, కొత్తవారు తికమక పడకండి. తొమ్మిది గంటల పాసింజరు ఆ రోజు సమయానికే వచ్చింది. ఎప్పుడూ ఆలస్యంగా వచ్చే బండి, ఆలస్యం కావాలని నేను కోరుకున్న ఒక్క రోజే సమయానికి వచ్చింది. చీపురుపల్లికి నడుమ దూసి, పొందూరు, సిగడాం, బాతువ. నాలుగు స్టేషన్లు. యాభై నిమిషాలు.

ఎస్తేరమ్మగారు కిటికీ పక్కన కూర్చుని తెల్ల కాగితం మీద స్కేలు పెట్టి గీతలు కొట్టుకుంటోంది. ముప్పై నాలుగు గీతలు. ఒక్కో గీతకు ఒక్కో పిల్ల. పక్కన కూర్చున్న ఒక బట్టల మూటాయన అడగనే అడిగాడు, ఏటమ్మా అని. "మాస్టారి బడి సూడ్డానికెల్తన్నాను. తొంభై ఆరు మార్కుల బడి" అంది. ఆయన నా వైపు తిరిగి, తన మనవణ్ణి మా బడిలో చేర్పించవచ్చా అని అడిగాడు. వాళ్ళ ఊరు సిగడాం. మనవడికి మూడో తరగతి వచ్చినా పేరు రాయడం రాదట. పొద్దున్నే రైల్లో పంపిస్తాడట, సాయంత్రం తీసుకుపోతాడట. "తొంభై ఆరంటే మావోడు కూడా వచ్చీస్తాడు కదండి అందులోకి" అన్నాడు.

అంతవరకూ నా భయం నా పరువు గురించి. ఆ మనిషి చేతులు జోడించినప్పుడు భయం రంగు మారింది. మా బడిలో ఇప్పటికే అలాంటి మనవలున్నారు. ఎవరెవరో నాకు తెలియదు.

ఆయన సిగడాంలో దిగిపోయాడు. బండి కదిలాక ఎస్తేరమ్మగారితో చెప్పేశాను. అరవై ఎలా వచ్చిందో, ఆరు ఎలా వచ్చిందో. నిజంగా చదివేవాళ్ళు పది, పదకొండు మంది ఉంటారని. అంతకంటే చెప్పలేని ముక్క ఇంకోటుంది, అదీ చెప్పాను. ఆవిడ వస్తోందని తెలిసి, తలా ఒక పాఠం నోటికి పట్టించమని మా రెండో మాస్టారికి చెప్పి వచ్చాను. పొద్దుటి నుంచి మా పిల్లలు అదే చేస్తుంటారు. చెబుతున్నంతసేపూ ఆవిడ ఎక్కడ మొహం తిప్పుకుంటుందో, ఎక్కడ ఆఫీసుకు ఫోను చేస్తుందోనని చూశాను. తిట్టినా బాగుండేది.

పై పదకొండు గీతలకు టిక్కులు పెట్టి, కాగితం నా ఒళ్ళో పెట్టి పెన్ను ఇచ్చింది.

"పదకొండు మందీ ఎలాగూ సదువుకుంటారు. రానోళ్ళ పేర్లు రాయండి."

బాతువ దగ్గర మొదలుపెట్టాను. తొంభై ఆరు అని ఒక్క క్షణంలో రాసిన చెయ్యి, పేరు పేరుకూ ఆగింది. అప్పన్న. రాస్తే వాడి మొహం కనిపించింది. ఆదిలక్ష్మి. సింహాచలం. ఇద్దరు రాములు, ఒకడు పొడుగు, ఒకడు పొట్టి. ఒక్కొక్క పేరు రాస్తుంటే ఆ పిల్ల ఎక్కడ ఆగిపోతుందో, ఏ అక్షరం దగ్గర నా మొహం వంక చూస్తుందో గుర్తొచ్చింది. అంటే నాకు తెలుసు. ఇన్నాళ్ళూ తెలుసు. ఇరవై రెండు పేర్లయ్యాయి. పదకొండు, ఇరవై రెండు. ముప్పై మూడు.

మళ్ళీ లెక్కపెట్టాను. ముప్పై మూడే. తరగతి వారీగా వేశాను, వీధి వారీగా వేశాను. బండి చీపురుపల్లి ప్లాట్‌ఫారం మీదికి వచ్చేసింది. అటెండెన్సులో రోజూ పిలిచే పేరే ఒకటి గుర్తు రావడం లేదు. చదివే వాళ్ళలో లేదు, రాని వాళ్ళలో లేదు. చిట్టచివరి గీత ఖాళీగా ఉండిపోయింది. ఎస్తేరమ్మగారు ఆ గీతను చూసింది, నన్ను చూసింది. "బడికెల్లి సూద్దారి" అంది, అంతే.

నేను చాలా ఊళ్ళు తిరిగాను. కొండ బస్సులెక్కాను, వరద నీళ్ళలో పడవ మీద దాటాను. అవన్నీ ఇంటికి దగ్గరవుతున్న కొద్దీ భయం తగ్గిన ప్రయాణాలు. ఇది ఒక్కటే దగ్గరవుతున్న కొద్దీ పెరిగింది. పాతపట్నం వైపు వెళ్ళేవారు తప్పకుండా వెళ్ళండి. కొండలు బాగుంటాయి, ఏనుగుల గురించి భయం లేదు. తిరిగి వచ్చేటప్పుడు మాత్రం మీ చేతికింద ఎంతమంది ఉన్నారో, వాళ్ళ పేర్లేమిటో తెలుసుకుని రండి.

పదిన్నరకు ఆటో దిగాం. బడిలోంచి వినిపిస్తోంది, ముప్పై నాలుగు గొంతులు ముప్పై నాలుగు పాఠాలు ఒకేసారి అప్పజెబుతున్న హోరు. లోపలికి వెళ్ళగానే అందరూ లేచి నిలబడ్డారు. నేను మొహాలు లెక్కపెట్టుకుంటూ పోయాను. మొదటి వరుసలో, నా కుర్చీకి బారెడు దూరంలో, ఐదో తరగతి పిల్ల. ఎప్పుడూ సెలవు పెట్టదు. ఎప్పుడూ అల్లరి చెయ్యదు. ఎప్పుడూ ఏదీ అడగదు. జూన్లో హైస్కూలుకు వెళ్ళాలి. పేరు పైడితల్లి. కాగితం గోడకు ఆనించి చివరి గీత మీద ఆ పేరు రాశాను.

పుస్తకం తియ్యమన్నాను. ఆ పిల్ల తియ్యలేదు. గుమ్మంలో నిలబడ్డ మేడంగారి వైపు ఒకసారి చూసి, నా దగ్గరకు వచ్చి, ఆవిడకు వినబడకుండా నా చెవిలో చెప్పింది.

"నోటికొచ్చినాది సదివియ్యనా మాస్టారూ? తప్పు పోదు."

నన్ను కాపాడడానికి వచ్చింది. ఐదేళ్ళలో ఆ పిల్ల నాతో అన్న అతి పెద్ద మాట అదే అయ్యుంటుంది.

వద్దమ్మా, నీకు రాని పేజీ తియ్యి అన్నాను.

కాసేపు నా మొహంలోకి చూసింది, నిజంగానే అంటున్నానా అని. తర్వాత పుస్తకం మొదటి పేజీ తీసింది.